మా సారు చెప్పుకున్న డాక్టరమ్మ

మా జువాలజీ సారు పోయారని మొన్న పొద్దున బాన్సువాడ నుంచి ఫోన్ వచ్చింది. దొరికిన బస్సెక్కి హైదరాబాద్ నుంచి బయలుదేరాను. దారంతా ఏడ్చానని రాయాలని ఉంది. నిజానికి దారంతా సిగ్గుపడ్డాను. ఆ ఊళ్లో నా గురించి ఆయన ఏమేం చెప్పుకున్నారో నాకు తెలుసు.

తొంభైల్లో, ఇంటర్‌లో, ఆయన చెప్పిన మలేరియా పాఠం ఇప్పటికీ చెవుల్లో ఉంది. రక్తకణంలో దూరిన ఆ పరాన్నజీవి ముందు తన డీఎన్ఏకు నకళ్లు తీసుకుంటూ కేంద్రకాలను పెంచుకుంటుంది. కణం విడిపోయేది చివర్లోనే. "అన్నదమ్ములు వేరుపడంగ చూడలేదా? ముందుగాల పొయ్యిలు వేరైతయి, గోడలు ఎనుక లేస్తయి. గీ పురుగుది గదే సంసారం" అనేవారు సారు, సుద్ద చేతులు ప్యాంటుకే తుడుచుకుంటూ.

ఆ నకలు ఎప్పుడు మొదలుకావాలో కొన్ని ప్రోటీన్లు చూసుకుంటాయి. వాటిలో ఒకదాని మీదే నా పీహెచ్‌డీ పరిశోధన. దాన్ని తగ్గిస్తే పురుగు విడిపోలేక ఆగిపోయింది, అదీ ల్యాబ్‌లో, గాజు గిన్నెలో. సెలవులకొచ్చి ఆ మాట చెప్పడమే ఆలస్యం, సారు నన్ను బజారంతా తిప్పారు.

"చలిజ్వరం పని పట్టింది మా బిడ్డ!"

"మందు కాదు సార్, దానికింకా చాలా దూరం."

"ఊకో, నీకు చెప్పుకొనుడు రాదు."

మొన్న వాకిట్లో పడుకోబెట్టిన ఆయన పక్కన కూర్చున్నానో లేదో, సారును చూసిపోదామని నస్రుల్లాబాద్ నుంచి ఒక కూలి తల్లి వచ్చింది. చంకలో పాప గజగజ వణుకుతోంది. నేనెవరో ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు.

"డాక్టరమ్మా, నీ గురించి సారు మస్తు చెప్తుండె. ఇగ నాకేం ఫికర్ లేదు. ఒక గోలీ ఇయ్యరాదు."

ఇన్నేళ్ల చదువు, నా సంచిలో జ్వరం మాత్ర కూడా లేదు. "నేను ఆ డాక్టర్ని కాదక్కా" అన్నాను. ఆమె సారు ముఖం వైపు చూసింది, ఆయనే అబద్ధం చెప్పినట్టు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సారు భార్య కళ్లు తుడుచుకుంది. "లే బిడ్డా, దవాఖానకు తోల్కపో. సారుకు మేమున్నం."

సర్కారు దవాఖానలో నా ఒళ్లో ఉన్న పాప వేలి నుంచి రక్తపు చుక్క తీస్తుండగా డప్పులు వినిపించాయి. కిటికీలోంచి పాడె కనిపించింది.

"సారును తీస్కపోతున్నరు, నువ్వు పోవా డాక్టరమ్మా?" అంది తల్లి.

పాప నా చున్నీని గుప్పిట్లో బిగించింది. నేను లేవలేదు. డప్పులు దూరమయ్యాయి, కాలిపోతున్న ఆ చిన్న నుదురు నా మెడకు ఆనుకునే ఉంది.