మీటరు లేని ఫ్యాను

ప్రయాణాల్లో ఉండడానికి వీలుగా అల్లుడు తన వ్యానులో మంచం, పొయ్యి పెట్టించాడు. మనవరాలిని కాపురానికి దించడానికి అందులోనే తెనాలి నుంచి రేపల్లె వెళ్ళాం. ఇంట్లో లైటు ఊరికే వెలిగితే ఊరుకోను నేను. బండికి మీటరు లేదు కదా అని, రేపల్లెలో బండి ఆగి ఉన్నంతసేపూ తడి చీర ఆరడానికి డ్రైవరు సీటు దగ్గరి ఫ్యాను వేసే ఉంచాను.

తిరుగు ప్రయాణానికి చూస్తే ఇంజను బ్యాటరీ డౌనైపోయింది. "ఎవరో ఫ్యాను ఆపలేదు," అన్నాడు అల్లుడు.

"మీ పిల్లకి ఆపే అలవాటు లేదేమో!" అని నవ్వింది మనవరాలి అత్తగారు. మనవరాలికి సంగతి తెలుసు. నా వంక చూసి తల వంచుకుంది.

"పిల్ల కాదండి, నేనే," అన్నాను.

మనవరాలి మామగారు పంచె ఎగ్గట్టి బండి తోయడానికొచ్చాడు. నేను దిగబోతే, "కూర్చోండి పిన్నిగారూ, మీ బరువెంతలెండి," అన్నాడు. ఆయన వంక చూడ్డానికి మొహం చెల్లలేదు.