రెండు కంప్యూటర్ల మధ్య జానెడు

ఎనభైల చివర్లో అనంతపురంలోని ఒక ప్రభుత్వ ఆఫీసులో నేను టెంపరరీ టైపిస్టును. మా గదిలో ఒకే బల్ల మీద రెండు కంప్యూటర్లు ఉండేవి. పాతదాన్ని ఒక సెక్షన్ వాళ్లు కొన్నారు, కొత్తదాన్ని ఇంకో సెక్షన్ వాళ్లు. కొనేముందు ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు. రెండింటినీ నడిపే సిస్టమ్‌లు వేరు కాబట్టి ఒకదానిలో రాసింది రెండోదానికి ఎక్కదు. మధ్య దూరం జానెడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నీళ్ల ట్యాంకర్లు పంపాల్సిన నూట నలభై ఊళ్ల జాబితా నేనే పాతదానిలో కొట్టాను. తీరా కాగితం తీసే రోజున దాని ప్రింటరు మొండికేసింది. కొత్త ప్రింటరు కొత్త కంప్యూటరుకే అతుకుతుంది. చేత్తో రాసిస్తానంటే ఆఫీసరు ఒప్పుకోలేదు. చేతిరాత జాబితాల్లో ఊళ్లు మారిపోతున్నాయట, ఈసారి కంప్యూటరు కాగితమే చెల్లుతుందట. సాయంత్రం ఐదుకు జీపు దాన్ని తీసుకుని హైదరాబాదు బయల్దేరాలి.

జాబితాను ఫ్లాపీకి ఎక్కించి కొత్తదానిలో పెట్టాను. అది కాసేపు గరగరమని, ఇందులో ఏమీ లేదు, తుడిచేసి వాడుకోమంటావా అని అడిగింది. ఒళ్లు మండిపోయింది. మూడుసార్లు పెట్టినా అదే మాట. దాని సంగతి తెలిసిన ఇంజనీరు బెంగళూరులో ఉన్నాడు.

తనకల్లు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన పొద్దుటినుంచీ తలుపు పక్క, ఆఫీసు నీళ్ల కుండ దగ్గరి బెంచీ మీద ఉన్నాడు. తమ ఊరి పేరు కాగితం మీద చూసిగానీ పోనన్నాడు. పాత కంప్యూటరులో చూపించాను. నూట ముప్పై ఒకటో నంబరు.

"ఈడ ఉండాది గదా పాపా. ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి ఎత్తి పోసేకి ఏం కష్టం?" అన్నాడు.

పన్నెండు గంటలకు మొత్తం మళ్లీ కొట్టడం మొదలుపెట్టాను. ఎడమవైపు చూడడం, కుడివైపు కొట్టడం. ఊరి పేరు, జనం, ఎండిన బావులు, నీళ్లు ఎంత దూరం. ఒక్కో ఊరికి రెండు నిమిషాలు దాటుతోంది.

నాలుగింటికి తెలిసిపోయింది, చివరిదాకా చేరలేనని. ఆయన ఊరు ముందే కొట్టేద్దామా అనిపించింది. ఆయన తలగుడ్డ ఒళ్లో పెట్టుకుని నా వేళ్లనే చూస్తున్నాడు. ఇది సిఫారసులు నడవని జాబితా అని అందరి దగ్గరా గొప్పలు పోయింది నేనే. వరస తప్పలేదు.

ఐదుకు ఆఫీసరు వచ్చి, "అయినంతవరకే తియ్యమ్మా," అన్నాడు. ప్రింటరు నూట ఇరవై ఆరు దగ్గర ఆగింది. మిగిలినవి వచ్చే విడతలో చూద్దామని కాగితం చింపుకుని జీపెక్కాడు.

"మాది వచ్చెనా పాపా?"

"రాలేదు తాతా. ఇంకో ఐదు ఊళ్లయితే మీదే."

"మాది ముందర కొట్టింటే ఏమైతాండె?" అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకుందామని అడిగాడు.

ఇంకో ఊరు పోయి ఉండేది. అది నిజమే. కానీ ఆ ఊరివాళ్లెవరూ నా ఎదురుగా కూర్చోలేదు. ఏడుపొచ్చింది.

"పోనీలే పాపా. ఈ కుండలో నీళ్లు రవ్వన్ని పట్టుకుందునా?" అన్నాడు. సంచిలోంచి సీసా తీసి, చుక్క కింద పడకుండా నిండా పోసుకుని, మూత బిగించాడు. ఒక్క గుక్క కూడా తాగకుండా కదిరి బస్సుకు వెళ్లిపోయాడు.