జాకీ కింద చెక్క

రామాంజి ఏ తప్పూ చేయలేదు. ఈ మాట ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. నోటితో చెప్పాలని ఏళ్ల తరబడి ప్రయత్నించాను, ప్రతిసారీ మాట మార్చేశాను. హిందూపురం లైబ్రరీలో నాకు నేనే చదువు చెప్పుకున్నవాణ్ణి, రాసినదాన్నే నమ్ముతాను. అందుకే మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే కొంచెం ధైర్యం.

మస్కట్‌లో ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్లం. రామాంజి డ్రైవరు, ఓబులేసు తాపీ మేస్త్రీ, నేను ఒక ఆఫీసులో టీ ఇచ్చేవాణ్ణి. పదో తరగతి తప్పినా, ఎడారుల గురించి దొరికిందల్లా చదివాను. ఒక శుక్రవారం సెలవుకు అద్దె బండిలో లోపలి ఎడారి ఊళ్లు చూడ్డానికి బయల్దేరాం. దిబ్బలు ఎటు కదులుతాయో, ఇసుక ఎక్కడ గట్టిగా ఉంటుందో దారి పొడవునా నేనే పాఠం చెప్పాను. పాడుబడ్డ మట్టి ఊరొకటి దిబ్బ వెనకే ఉంటుందని బండిని తారురోడ్డు దింపించిందీ నేనే. బండి ఇరుసుదాకా ఇసుకలో కూరుకుపోయింది.

జాకీ ఇసుకలో దిగబడకుండా రామాంజి చెక్క పెట్టి, దాని మీద జాకీ వేసి, చక్రం లేపాడు. కింద వేయడానికి రాళ్లు తెస్తానని దిబ్బ అవతలికి వెళ్లాడు. ఓబులేసు మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తోడుతున్నాడు.

“ఏం పంతులూ, ఊరు యాడుండాది?”

“గాలికి దిబ్బలు జరిగుంటాయి” అన్నాను.

“ఓహో, గాలిదా తప్పు! నీ పుస్తకం రాసినోడు ఈడికొచ్చి రాసినాడా, నీడలో కూసోని రాసినాడా?”

“తోడుతావా, వాగుతావా?”

వాడు నవ్వాడు. తల ఎత్తకుండానే అన్నాడు: “టీ గ్లాసులు కడిగేదానికి ఇన్ని పుస్తకాలు యాలప్పా?”

జాకీ రాడ్డు ఎండకు కాలుతోంది. ఎత్తి వాడి చెవి వెనక కొట్టాను. తడి మట్టిలో పార దిగినట్టు చప్పుడైంది. వాడు తల పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, “అప్పా, ఏమో తగిలింది, చూడప్పా” అన్నాడు. నన్నే పిలిచాడు, సాయానికి.

అప్పుడు రెండోది కొట్టాను. ముఖం మీద. ఎముక విరగడం నా అరచేతికి తెలిసింది. వాడు తెలివి తప్పి పక్కకు ఒరిగిపోయాడు. ఎడమ కంటి నుంచి కారిన నెత్తురును ఇసుక అప్పటికప్పుడే తాగేసింది. మొదటి దెబ్బ కోపం అనుకుందాం. రెండోది ఏమిటి? కళ్లు తెరిచి నన్ను చూస్తాడన్న భయమా, లేక వాడి మాట నిజమని నాకు తెలియడమా? ఎన్ని పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకలేదు. మూడోసారి కూడా ఎత్తాను. దిబ్బ అవతల రామాంజి కూనిరాగం వినిపించి దించాను.

జాకీని తన్నాను. బండి కూలబడింది. చెక్కను లాగి ఇసుకలో పూడ్చాను.

“చెక్క లేకుండా జాకీ వేసినావా? దిగబడి రాడ్డు ఎగిరి కొట్టింది!” అని దిబ్బ దిగి వస్తున్న రామాంజి మీద అరిచాను. మెత్తటి నేల మీద అలా జరుగుతుందని చదివి ఉన్నాను. నా చదువు మరెన్నడూ అంత చక్కగా అక్కరకు రాలేదు.

రామాంజి చేతుల్లోంచి రాళ్లు జారిపోయాయి. “పెట్టినట్టుండాదే...” అన్నాడు. ఒక్కసారే. మళ్లీ ఎన్నడూ అనలేదు.

ఓబులేసు బతికాడు. కన్ను పోయింది. ఏం తగిలిందో చూడలేదు కాబట్టి వాడూ నా మాటే నమ్మాడు. రామాంజి ఆ తర్వాత స్టీరింగ్ పట్టలేదు. ముగ్గురం మస్కట్ వదిలి వచ్చేశాక కుందలహళ్ళిలో సంగటి మెస్ పెట్టి, ఓబులేసును గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాడు. నేను రోజూ అక్కడే తింటాను. మొన్న ఎవరో కొత్త కుర్రాడు కంటి సంగతి అడిగితే, రామాంజి గరిటె పట్టుకుని వచ్చి మరీ చెప్పాడు, చెక్క మరిచిన పాపం తనదేనని. చెప్పి, నా కంచంలో ఇంకో ముద్ద వేశాడు. తిన్నాను.

ఇది ఎప్పుడైనా వాళ్ల కంటపడితే ఏం చేస్తారో తెలియదు. క్షమించమని అడగను. రాస్తుంటే మాత్రం ఊపిరి కిందిదాకా వెళుతోంది.

పుస్తకం చివర పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పే పేజీని నేనెప్పుడూ చదవకుండా వదల్లేదు. నాకూ ఒకటి కావాలి. అక్షరం మీద ఆకలి పుట్టించిన లైబ్రరీ లక్ష్మీదేవమ్మకు. ఆ రోజు మమ్మల్ని ఆస్పత్రికి చేర్చిన లారీ సలీంకు. ఒంటికంటితోనే నన్ను దూరం నుంచి గుర్తుపట్టి కుర్చీ లాగే ఓబులేసుకు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన రామాంజికి.

చెక్క నువ్వు పెట్టావు, రామాంజీ. నేను చూశాను.