స్టెల్లా అక్కతో మారికుప్పం రైల్లో

తిరుపతి బస్టాండులో ఉదయం పదిన్నరకు బెంగళూరు బస్సు ఎక్కాను. సాయంత్రం బెంగళూరు నుంచి మారికుప్పం పోయే రైలును ఎలాగైనా అందుకోవాలి. స్టెల్లా అక్క ఆ రోజే రిటైరవుతోంది. ఇన్నేళ్ళు పని ముగించుకుని ఇంటికి తిరిగి వచ్చిన ఆ రైల్లో ఆమెకు అదే చివరి సాయంత్రం. మునిరత్న ఫోన్ చేసి సంగతి చెప్పింది. అక్కకు తెలియనివ్వలేదట, నన్ను సుమ్మనే, ఏమీ చెప్పకుండా వచ్చేయమంది. వాళ్ళిద్దరూ నా మొదటి ఉద్యోగం నాటి రైలు స్నేహితులు.

మాది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో చాంపియన్ రీఫ్స్, మారికుప్పం పక్కనే. గనులు మూతపడి నాన్న ఇంట్లో కూర్చున్నాక, వైట్‌ఫీల్డులో ఒక ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటరు పని దొరికింది నాకు. గని కార్మికులుండే మా లైను ఇళ్ళలో పనిచేసే వయసున్న వాళ్ళలో సగం మంది అప్పటికే చీకటితో లేచి, రైలెక్కి, బెంగళూరులో పనులు చేసుకుని రాత్రికి తిరిగి వస్తున్నారు. నేనూ వాళ్ళలో చేరాను.

చేరిన వారానికే ఆఫీసులో మేనేజరు పిలిచి, నా గొంతు అవతలివాళ్ళకు వినపడటం లేదని, నెలాఖరు దాకా చూసి వేరే మనిషిని పెట్టుకుంటానని అన్నాడు. ఆ సాయంత్రం రైల్లో తలుపు పక్కన నిలబడి ఏడుస్తుంటే ఒకామె నా భుజం పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టింది. బెంగళూరు కంటోన్మెంటు దగ్గర ఒక ఆసుపత్రి వంటగదిలో పనిచేసే స్టెల్లా అక్క. సంగతంతా విని, పెట్టె ఆ చివర కిటికీ దగ్గర పూలు కట్టుకుంటున్న అమ్మాయిని చూపించింది.

"ఆ పిల్ల పేరు మునిరత్న. ఈడనే కూర్చోని పిలువు పాపా. అది తిరిగి సూసేదాకా పిలస్తానే ఉండు."

నాలుగోసారికి మునిరత్న తిరిగి చూసింది. ఆ మర్నాటి నుంచి ఏ స్టేషను వస్తే ఆ పేరు పెట్టెంతా వినపడేటట్టు చెప్పడం అక్క నాకు అప్పగించిన పని. మాలూరు, త్యాకల్, బంగారపేట. మొదట్లో నవ్వేవాళ్ళు. తర్వాత నిద్రపోయేవాళ్ళంతా నా మీద భారం వేసి నిశ్చింతగా కళ్ళు మూసుకునేవాళ్ళు. ఒక పెద్దాయన నేను రైల్వే మనిషిననుకుని, పైన ఫ్యాను తిరగడం లేదని నా మీద కోప్పడ్డాడు. ఫ్యాక్టరీలో నా ఉద్యోగం నిలిచింది. పెళ్ళయి తిరుపతి వచ్చేదాకా అక్కడే చేశాను.

బస్సు ముళబాగిలు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆ దారిన పోయేవాళ్ళు అక్కడ నెయ్యి దోసె తినకుండా కదలకండి. అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా దూదిలా ఉంటుంది. అక్కడ ఒక రైతమ్మ సంచీ నిండా మామిడిపళ్ళతో ఎక్కి నా పక్కన కూర్చుంది. కోలారులో కూతురింటికి పోతోందట. నా ప్రయాణం సంగతి విని, కోలారులో దిగేటప్పుడు నాలుగు పళ్ళు నా ఒళ్ళో పెట్టింది.

"ఆ యమ్మకు ఇయ్యి. ఇంగ కూర్చోని తినమను."

హొసకోటె దగ్గర ఏదో లారీ చెడిపోయి రోడ్డు నిండిపోయింది. బస్సు కదలదు. గంటన్నరకు గానీ దారి తెరుచుకోలేదు. కృష్ణరాజపురం దగ్గర పడుతుండగా మునిరత్నకు ఫోన్ చేస్తే రైలు కంటోన్మెంటుకు వచ్చేసిందని, అక్క ఎక్కిందని గుసగుసగా చెప్పింది. బస్సు ఎలాగో కృష్ణరాజపురం చేరగానే దిగి పరుగెత్తాను. మెట్లెక్కి దిగేసరికి రైలు ప్లాట్‌ఫారం మీదే ఉంది. అందిన పెట్టెలో ఎక్కేశాను. జనంలో కదలలేక, వైట్‌ఫీల్డులో దిగి, మేం ఎప్పుడూ ఎక్కే వెనక పెట్టె దాకా మళ్ళీ పరుగు.

స్టెల్లా అక్క కిటికీ పక్కన కూర్చుని ఉంది. జుట్టు బాగా నెరిసింది. మెడలో మునిరత్న వేసిన మల్లెదండ. నన్ను చూడగానే పక్కనున్నామెను జరిగి కూర్చోమని, నా చెయ్యి పట్టుకుని లాగింది.

ప్లమ్ కేకు కోశారు. రాగి మురుకులు, నా మామిడిపళ్ళు పెట్టెంతా చేతులు మారాయి. ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయిలు కూడా అక్కతో ఫొటోలు దిగారు. అందరూ ఆమెను రెండు మాటలు చెప్పమన్నారు. అక్క లేచి, అందరికీ దండం పెట్టి, మళ్ళీ కూర్చుంది. నా చెవిలో మాత్రం అంది.

"రేపు పొద్దున్నే లేసి నేనేం సేసేది పాపా?"

బంగారపేటలో మునిరత్న, ఇంకా చాలామంది దిగిపోయారు. అక్కడి నుంచి రైలు మెల్లగా, దాదాపు ఖాళీగా సాగింది. చాంపియన్‌లో దిగి అక్కావాళ్ళింటికి నడిచాం. పైన చీకట్లో గని ఇనుప గోపురం నిలబడి ఉంది. అక్క భర్త గనిలో పనిచేసినవాడు, ఇప్పుడు ఆయనే వంట చేస్తాడు. రాగి ముద్ద, చికెన్ చారు వండి మాకోసం ఎదురు చూస్తున్నాడు.

తెల్లవారుజామున గిన్నెల చప్పుడుకు మెలకువ వచ్చింది. స్టెల్లా అక్క స్నానం చేసి, ఉతికిన చీర కట్టి, చిత్రాన్నం డబ్బాలో సర్దుతోంది. ఏమిటని అడిగితే, చేతులు వాటంతట అవే చేసేశాయని నవ్వింది. నేను బంగారపేటలో దిగి ముళబాగిలు బస్సు పట్టుకోవాలి. అక్కడిదాకా సాగనంపుతానని డబ్బా చేతిలో పట్టుకునే నాతో రైలెక్కింది.

బంగారపేట వచ్చింది. నేను లేచాను. అక్క లేవలేదు.

"సీజన్ టికెట్టు ఇంగా ఉండాది. ఇన్నేండ్లు బెంగళూరికి పోయినాను, బెంగళూరు మాత్రం సూడలేదు. లాల్‌బాగ్ యాడుండాదో నీకు తెలుసు గదా?"

నేను మళ్ళీ కూర్చున్నాను. బెంగళూరు నుంచి నేరుగా తిరుపతి బస్సు ఎక్కవచ్చు. అక్కను లాల్‌బాగ్ తీసుకుపోవడానికి ఇంకెవరున్నారు? మునిరత్న ఎప్పటిలాగే ఎక్కి, మమ్మల్ని చూసి, సంగతి విని, తనకు సెలవు లేదని దారి పొడుగునా విసుక్కుంది. కంటోన్మెంటు రాగానే అక్క అలవాటుగా సగం లేచింది. తలుపు దగ్గర తోసుకుంటున్న వాళ్ళను చూసి, చీర సర్దుకుని, కులాసాగా వెనక్కి ఆనుకుంది.

లాల్‌బాగ్ గాజు మందిరం చుట్టూ తిరిగాం. కొండరాయి ఎక్కి ఊరంతా చూశాం. ఆసుపత్రి ఏ వైపో వెతికింది, కనపడకపోతే పోనీలెమ్మంది. ఒక చెట్టు కింద చిత్రాన్నం తిన్నాక, నేను నీళ్ళు తెచ్చేలోగా గడ్డి మీద పడుకుని నిద్రపోయింది. ఎండ ముఖం మీదికి వస్తుంటే నా కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అంత తీరిగ్గా ఆమెను నేనెన్నడూ చూడలేదు.

అక్కను స్టేషనులో వదిలి, మధ్యాహ్నం ఎక్కిన తిరుపతి బస్సులో నాకు కిటికీ సీటు దొరికింది. మొదటి ఉద్యోగం నుంచి నాకు మిగిలింది జీతం కాదు, గొంతు. అది ఇచ్చింది ఆఫీసు కాదు, ఆ పెట్టెలో జరిగి చోటిచ్చిన మనుషులు. చిత్తూరు దాటుతుండగా మునిరత్న ఫోన్ చేసింది. స్టెల్లా అక్క సాయంత్రం రైలెక్కి, పెట్టెలో అందరినీ కూర్చోబెట్టి లాల్‌బాగ్ గురించి చెబుతోందట. వచ్చే ఆదివారం ఎవరెవరు వస్తారో చేతులెత్తమంటోందట.

"నాకు మాట్లాడేదానికే సందు దొరకలేదు" అని మునిరత్న ఫిర్యాదు చేసింది. ఆమె వెనక రైలు చప్పుడు, దాని మీదుగా అక్క గొంతు నాకు స్పష్టంగా వినపడుతూనే ఉన్నాయి.