నీకు చెప్పేదేముంది

ఇమ్మానుయేలు గారి జ్ఞాపకార్థ కూడికలో అందరూ మాట్లాడారు. ఆయన దగ్గర అందరికంటే ముందు పనిలో చేరిన నన్ను మాత్రం ఒక్క మాట చెప్పమని ఎవరూ పిలవలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ ఉదయం ఈ చలిదేశంలో, గ్వెల్ఫ్ ఊళ్లో ఆయన ఇంట్లోనే, వేడినీళ్లతో గదిని వెచ్చబెట్టే రేడియేటర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గాలి వదిలే మరను కీతో తిప్పాను. బుస్సుమని గాలి పోయి, వెనకే నల్లటి నీళ్లు చిమ్మాయి. ఆ తుప్పు వాసన తగలగానే ఆయన పక్కనే ఉన్నట్టనిపించింది. వెంటనే పాత కోపమూ వచ్చింది.

ఇళ్లను వెచ్చబెట్టే నీటి బాయిలర్లను చలికాలానికి ముందు సరిచూడడం ఆయన వృత్తి. నరసాపురం వైపు మనిషి. పనిముట్టు తియ్యకముందే రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టించేవారు. కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చిక్కుకుందని గుర్తు. "గాలి కొత్తల్లుడి లాంటిదబ్బాయ్. పైకెక్కి కూర్చుంటది. పని చెయ్యదు, చేసేవాళ్లని రానివ్వదు. మర్యాదగా మనమే సాగనంపాలి," అనేవారు. బాయిలర్‌లో ఒత్తిడి మితిమీరితే నీళ్లు బయటికి వదిలేందుకు సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. ఏటా దాని మీట ఎత్తి చూడాలి. నీళ్లు ధారగా రావాలి, వదలగానే ఆగిపోవాలి. ఆగాక కూడా ఆయన కదిలేవారు కాదు. గొట్టం కింద పొడిగుడ్డ పరిచి, అది తడవదని నమ్మకం కుదిరాకే లేచేవారు. ఇదంతా నాకు ఒక్కసారే చెప్పారు. రెండోసారి అడిగితే, "నీకు చెప్పేదేముంది," అన్నారు.

ఈ మాట మనం అన్నీ తెలిసినవాడితోనూ అంటాం, ఎంత చెప్పినా తలకెక్కనివాడితోనూ అంటాం. ఆయన నాతో ఏ అర్థంలో అన్నారో ఇప్పటికీ తెలియదు.

తరువాత శ్రీకాంత్ వచ్చాడు. హైదరాబాద్ వాడు, నార్త్ యార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోగొట్టుకుని మా దగ్గర చేరాడు. బాయిలర్ మీద గాలి దానంతటదే పోయే చిన్న గొట్టం ఒకటుంటుంది. దాని మూత వదులుగా ఉంచాలి. వాడు ప్రతి ఇంట్లోనూ బిగించేసేవాడు. "సమజ్ కాలే సార్, ఇంకోసారి చూపించండి," అనేవాడు. "దాని ముక్కు మూసేస్తే ఊపిరెలా తీసుకుంటదిరా," అని ఆయన నవ్వుతూ, వాడి చెయ్యి పట్టుకుని మళ్లీ చూపించేవారు. నేను ఒక్కనాడూ ఆ మూత బిగించలేదు. బిగించి ఉంటే నా చెయ్యీ పట్టుకునేవారేమో.

ఒకరోజు ఒక తెలుగువాళ్లింటికి ముగ్గురం వెళ్లాం. సేఫ్టీ వాల్వ్ గొట్టంలోంచి చుక్కలు పడి నేల పాడవుతోందని ఇంటాయన గొట్టం చివర మూత బిగించేశాడు. అది ముందు చూసింది శ్రీకాంతే, కాదనను. "సార్, దీనికి మూతెందుకుంది?" అన్నాడు. ఒత్తిడి ముల్లు ఎర్రగీత దాటి ఉంది, బాయిలర్ ఏ క్షణమైనా పేలొచ్చు. ఇమ్మానుయేలు గారి ముఖంలో రంగు మారింది. మంట ఆపేసి, అందరినీ నేలమాళిగలోంచి పైకి నడవమన్నారు. శ్రీకాంత్ భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్లారు. నేనేం చెయ్యాలని అడిగితే మెట్ల మీంచి వెనక్కి చూసి, "నీకు చెప్పేదేముంది," అన్నారు.

బాయిలర్ చల్లారేదాకా ఆగాను. కొంచెం కొంచెంగా నీళ్లు బకెట్‌లోకి వదిలి ఒత్తిడి దించాను. మూత తీసి, కొత్త వాల్వ్ బిగించి పైకి వెళ్లేసరికి నవ్వులు వినిపిస్తున్నాయి. "మీ కుర్రాడి కళ్లు చురుకండీ," అంటున్నాడు ఇంటాయన. "మావాడే మరి," అంటున్నారు ఈయన. నా టీ చల్లారి మీగడ కట్టింది.

పని మానేసిన రోజున ఇమ్మానుయేలు గారు తన ఇత్తడి కీని, బొటనవేలి రాపిడికి అంచులరిగిన ఆ గాలి కీని, అందరి ముందూ శ్రీకాంత్ చేతిలో పెట్టారు. "ఇది చూసినప్పుడన్నా మూత బిగించడం మానతావేమోరా," అన్నారు. అందరూ నవ్వారు. నావైపూ ఒకసారి చూశారు. ఇప్పుడు శ్రీకాంత్ వాన్ అనే ఊళ్లో ఇళ్లు అమ్మిపెట్టే వ్యాపారం చేస్తున్నాడు. ఆ కీ వాడి కారు తాళాలతో వేలాడుతోంది. కూడికలో అదే పైకెత్తి చూపించి కళ్లు తుడుచుకున్నాడు. రేడియేటర్లు చల్లబడితే మాత్రం ఇమ్మానుయేలు గారి భార్య కరుణ ఆంటీ ఫోన్ చేసేది నాకే. ప్రసంగానికి వాడు, పనికి నేను.

అయినా నా అరచెయ్యి ఇనుము మీదికి ముందుగా వెళ్లేది ఆయన వల్లే. ఈరోజూ వాల్వ్ కింద పొడిగుడ్డ పరిచి, అది తడవలేదని చూసుకున్నాకే పైకి వచ్చి ఈ రేడియేటర్ పట్టుకున్నాను. ఆంటీ టీ తెచ్చారు.

"వెనక గదిలోది కూడా పైన చల్లగా ఉంటోంది ప్రసాదూ. అదీ కాస్త... సర్లే, నీకు చెప్పేదేముంది."

నా కీ కింద పెట్టాను.

"ఉంది ఆంటీ. అంకుల్ ఆ మాట నన్ను ఏమనుకుని అనేవారు? మీకు తెలుసు. మీరు చెప్పేదాకా నేనిక్కణ్ణుంచి లేవను. చెప్పండి."