తాళం తప్పిన చెయ్యి

డ్రయ్యర్‌లో బూట్లు వేస్తే దడదడమంటూ తిరుగుతాయి. ఇవాళ ఆ చప్పుడు వింటూ బట్టలు మడతపెడుతుంటే నా కుడిచెయ్యి తనంతట తనే తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. కాసేపటికే తప్పింది. బూట్లకు ఆదితాళం తెలియదు కదా. నవ్వొచ్చింది. కామేశ్వరి ఆంటీ పోయాక ఆవిడను తలుచుకుని నవ్వడం ఇదే మొదటిసారి.

ఆవిడ రిటైరైన పాథాలజిస్ట్. షికాగో దగ్గర అరోరాలో మా వెనక వీధిలో ఉండేవారు. మంగళవారం సాయంత్రాలు బేస్‌మెంట్‌లో మాలాంటి నడివయసు వాళ్లకు సంగీతం చెప్పేవారు. గొంతు ఎలా ఉన్నా సర్దుకునేవారు. తాళం తప్పితే మాత్రం కళ్లద్దాల మీంచి చూసి, "చెయ్యేదమ్మా, షాపింగ్‌కి వెళ్లిందా?" అనేవారు.

ఒక ఏడాది ఉగాది ప్రోగ్రాంలో, స్టేజీ మీద, నేను తాళం తప్పాను. కీర్తన మధ్యలో ఆగిపోయి మైకు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఇక సంగీతం మానేద్దామని ఇంటికొస్తూనే నిర్ణయించుకున్నాను. ఆ మాట ఆవిడకు చెప్పే ధైర్యం లేక మూడు వారాలు తలనొప్పి అని మెసేజ్ పెట్టాను. నాలుగో వారం ఆవిడే ఫోన్ చేశారు. "లైబ్రరీలో ఆఫ్రికా డ్రమ్స్, డాన్స్ అట. నాకు హైవే మీద డ్రైవింగ్ భయం. తీసుకెళ్లు. నీ తలనొప్పికీ మంచిది."

దారిలో చెప్పేద్దామనుకున్నాను. "ఆంటీ, మీకో మాట చెప్పాలి" అన్నాను కూడా. "ముందు పార్కింగ్ చూడు" అన్నారు.

గినీ నుంచి వచ్చి షికాగోలో స్థిరపడిన బృందం అది. ముగ్గురు వాయిస్తున్నారు, ఇద్దరు ఆడుతున్నారు. నడుముకు కట్టుకున్న జెంబే అనే డ్రమ్ మీద ఉత్త చేతులతో వాయిస్తున్న పెద్దాయన పేరు మామడూ. ఆంటీ ముందు వరుసలో కూర్చుని తొడ మీద ఒక దెబ్బ వేసి, చిటికెన వేలు, ఉంగరం వేలు లెక్కపెట్టి, మళ్లీ మొదటికొచ్చారు.

"ఒక్కొక్కడూ ఒక్కో లెక్కలో ఉన్నాడేమే! అందరూ కలిసే మొదటి దెబ్బ ఏదీ?"

అంతలో మామడూ గట్టిగా ఒక ముక్క వాయించాడు. ఆంటీ ముఖం వెలిగింది. మన కచేరీల్లో ముగింపు ముక్కను మూడుసార్లు వాయిస్తారు. "తీర్మానం! ఇంకా రెండున్నాయి చూడు" అంటూ, "రెండు!" అని తొడ మీద ఠప్పున కొట్టారు. కానీ అక్కడ ఒక్కసారి వాయిస్తేనే ఆగమని సంకేతం. డ్రమ్స్ అన్నీ చప్పున ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆంటీ దెబ్బ హాలంతా వినిపించింది.

ఉగాది నాటి చెమటే నాకు మళ్లీ పట్టింది. మామడూ ఇటు తిరిగి, ఆ దెబ్బనే జెంబే మీద వాయించాడు. ఆవిడ సిగ్గుపడలేదు. ఇంకోటి కొట్టారు. ఆయన బదులిచ్చాడు. జనం చప్పట్లు.

"ఏం వెతుకుతున్నారు, మేడమ్?" అన్నాడాయన ఇంగ్లిష్‌లో.

"మీ 'వన్' ఎక్కడుంది?"

"చిన్నప్పుడు మా అమ్మను నేనూ అదే అడిగాను. లేచి ఆడమంది."

ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ నా ఒళ్లో పడేసి, చీర మీదికి వేసుకున్న స్నీకర్స్‌తో లేచారు. ఆడుతున్నవాళ్లు కుడికి వెళ్తే ఆవిడ ఎడమకు వెళ్లారు. అక్కడి నుంచే అరిచారు. "ఏమేవ్, ఆ బ్యాగ్ కుర్చీలో పెట్టి రా! దాన్నెవరూ ఎత్తుకుపోరు!"

వెళ్లాను. ఇద్దరం ఒక్క అడుగూ సరిగ్గా వేయలేదు.

తిరిగొస్తుంటే కార్‌లో ఆవిడ ఇంకా ఆయాసపడుతూనే ఉన్నారు. "నలభై ఏళ్లుగా తాళం వేస్తున్నాను. ఇంత హాయిగా ఎప్పుడూ తప్పలేదే. అన్నట్టు, ఇందాక ఏదో చెప్పాలన్నావు?"

"మంగళవారం క్లాసు ఆరింటికా, ఆరున్నరకా అని."

"ఆరింటికే. తలనొప్పిని ఇంట్లో పెట్టి రా."

మరుసటి ఉగాదికి అదే కీర్తన పాడాను. చరణంలో మళ్లీ తప్పాను. ముందు వరుసలోంచి ఠప్పున ఒక దెబ్బ వినిపించింది. అక్కడి నుంచి అందుకున్నాను.

ఇప్పుడు ముందు వరుసలో ఆవిడ లేరు. డ్రయ్యర్‌లో బూట్లు ఇంకా తిరుగుతున్నాయి. మడతపెడుతున్న చొక్కా పక్కన పెట్టి, తోచిన చోట తొడ మీద ఒక దెబ్బ వేసి, అదే ఒకటి అనుకుని, మళ్లీ మొదలుపెట్టాను.