మొదటి రకం పెల్లెట్లు

నేను పట్టుకున్నది గాలి పిస్తోలు. దానికి లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల దూరంలో నిలబెట్టిన స్టీలు బిళ్ళల్ని పడగొట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఇంత చెప్పినా మా అమ్మ ఎదురింటివాళ్ళకు నేను కంప్యూటర్ నేర్చుకుంటున్నానని చెప్పేది.

ఇంటర్ రెండుసార్లు తప్పాక అమ్మతోపాటు మదనపల్లె టమాటా యార్డులో కాయలేరే పనికి పోయేదాన్ని. యార్డు వెనక వీధిలో ఒక గోదాము మిద్దె మీద షూటింగ్ నేర్పేవాళ్ళు. నేర్పే సార్ పోలీసు శాఖలో తుపాకుల గది చూసుకుని రిటైరయినాయన. ఒకరోజు ఊరికే చూద్దామని మెట్లెక్కాను, అడిగి ఒక దెబ్బ కొట్టాను, బిళ్ళ పడింది. రోజంతా కాయలేరే చెయ్యి వణకదని సార్ మెచ్చుకున్నాడు. నా చేతిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి కాబట్టి రెండేళ్ళు ఆ మెట్లు దిగలేదు.

పుంగనూరులో ఒక ప్రైవేటు స్కూలుకు షూటింగ్ నేర్పే సహాయకురాలు కావాల్సొచ్చింది. కుప్పంలో జరిగే స్టీలు బిళ్ళల పోటీలో నేను మొదటి ముగ్గురిలో వస్తే తీసుకుంటానని ఆ స్కూలు కరస్పాండెంట్ మా సార్‌తో అన్నాడు. వస్తే నెలజీతం, రాకపోతే జీవితమంతా టమాటాలు. పోటీకి సరిగ్గా నెల ఉంది.

సార్ రెండు పిస్తోళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సూడమ్మా, ఇది నాలుగున్నర మిల్లీమీటర్లది. గుండు సన్నం, జోరుగా పోతాది. ఇది ఐదున్నరది. గుండు లావు, నిదానంగా పోతాది గానీ గట్టిగా తోస్తాది. ఏది కావాల?"

"ఏది మంచిది సార్?"

"రెండూ మంచివే. పెండ్లిచూపుల్లో అడిగినట్టు అడగతాండావే. బిళ్ళ పడాల, అంతే."

ఈ పోటీలో ఒక్కో గుండునూ, అంటే పెల్లెట్‌నూ, చేత్తో కూరి కొట్టాలి, పక్కన గడియారం పరిగెడుతూ ఉంటుంది. సన్న పెల్లెట్ నా వేళ్ళల్లో నిలవలేదు. రెండు జారి గచ్చు మీద పడ్డాయి, ఒకటి ఇప్పటికీ దొరకలేదు. పైగా అది అంచుకు తగిలితే బిళ్ళ కాస్త తల ఊపి మళ్ళీ నిలబడేది. కాబట్టి ఐదున్నరే తీసుకున్నాను.

ఇక మిగిలింది బరువు. లావు పెల్లెట్లలో కూడా తేలికవి ఉన్నాయి, బరువువి ఉన్నాయి. తేలికవి మామూలు రకం. బరువువి బెంగళూరు నుంచి తెప్పించాలి, ధర రెట్టింపు. బిళ్ళను బాగా తోసేది బరువుదే అని సార్ అన్నాక ఇంకేం ఆలోచిస్తాను. మూతకు టేపు వేసిన గుండ్రటి రేకు డబ్బా ఒకటి వచ్చింది.

"పోటీలో ఏది కొడతావో ఈ నెలంతా దాంతోనే కొట్టు," అన్నాడు సార్. "గుండు మారితే తగిలే సోటు మారతాది. గుర్తుండాదా?"

తలూపాను. అర్థం కాకపోయినా తలూపడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు. ఆ మర్నాడే సార్ కంటి ఆపరేషన్‌కు పోయాడు. నెలపాటు మెట్లెక్కకూడదన్నారట. మిద్దె తాళం నాకిచ్చాడు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. యార్డులో మేము మొదటి రకం, రెండో రకం, పగిలినవి అని కాయలేరుతాం. మొదటి రకం క్రేట్లకెక్కి లారీలో ఊళ్ళు దాటిపోతుంది. మా ఇంటి చారులోకి వచ్చేది పగిలిన కాయే. ఇన్నేళ్ళలో పొయ్యి మీద ఒక్క మొదటి రకం కాయను చూడలేదు. మంచిది ఉండేది పంపడానికి, వాడుకోవడానికి కాదు. అది మాకెవరూ నేర్పలేదు, నీళ్ళు తాగినంత మామూలుగా వచ్చేసింది.

అమ్మ ఆ డబ్బాను బీరువాలో బైబిల్ పక్కన పెట్టింది.

"మంచిదాన్ని దినామూ యాల కాలుస్తావు మే? పోటీకి ఉండనీ."

నాకూ న్యాయంగానే తోచింది. నెలంతా తేలిక పెల్లెట్లతోనే కొట్టాను. వాటికి తగ్గట్టు పిస్తోలు గురి సరిచేసుకున్నాను. ఆఖరి వారంలో ఐదుకు ఐదు బిళ్ళలూ పడుతుంటే, ఈ పగిలిన కాయలతోనే ఇంత పడితే మొదటి రకంతో గోడే పడుతుందేమో అని గర్వపడ్డాను.

కుప్పంలో ఒక హాల్లో పోటీ. ముందు వరసలో కరస్పాండెంట్, పక్కన నల్లద్దాలతో సార్. ఐదు బిళ్ళల చొప్పున మూడు విడతలు. నేను అందరి ముందూ డబ్బా టేపు కోసి, మొదటి పెల్లెట్ కూరి కొట్టాను.

టింగుమంది. బిళ్ళ నిలబడే ఉంది.

రెండోదీ టింగ్. మూడోదీ అంతే. శబ్దం బాగుందని వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఐదిట్లో ఒక్కటి పడింది, అదీ నా మీద జాలితోనే అనుకుంటాను.

సార్ నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నీ బిళ్ళ పాదాలకు తగులుతాండాయి. కాళ్ళు పట్టుకుంటే పడతారా ఎవురైనా? భుజమ్మీద తోయాల. నెలంతా ఏ గుండు కొట్టినావు?"

"తేలికవి సార్."

"మరి ఆ డబ్బా?"

"బీరువాలో పెట్టింటి. ఈ పొద్దే తెరిస్తి."

"యాల?"

"మంచివి కదా సార్."

సార్ నల్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. తేలిక పెల్లెట్లు మదనపల్లెలోనే ఉండిపోయాయి. గురి సరిచేసుకునే సమయం లేదు.

"బరువుది దిగిపోతాది. బిళ్ళ నెత్తిన కాకి కూసోనుండాది అనుకో. బిళ్ళను మర్సిపో, ఆ కాకిని కొట్టు."

రెండో విడతలో లేని కాకిని కొడితే మూడు బిళ్ళలు పడ్డాయి. మూడో విడతలో ఐదూ పడ్డాయి. మొత్తం తొమ్మిది. మూడో స్థానంలో ఉన్నాయనకు పది. నాది నాలుగో స్థానం.

కరస్పాండెంట్ లేచి వచ్చాడు. "ముగ్గురిలో అనుకున్నాం కదప్పా," అన్నాడు సార్‌తో.

"పిస్తోల్లో ఏందో చిన్న తేడా వచ్చిండాది," అన్నాడు సార్. జీవితమంతా తుపాకుల్ని కాపాడినాయన నాకోసం ఒకదానిమీద నింద వేశాడు.

నాకు నోరాగలేదు. "పిస్తోలుకు ఏమీ కాలేదు సార్. తప్పు నాదే," అని డబ్బా, బీరువా, టమాటాలు అన్నీ చెప్పేశాను. ఉద్యోగం పోతోందని తెలుస్తూనే ఉంది, నోరు మాత్రం నడుస్తూనే ఉంది.

కరస్పాండెంట్ నవ్వలేదు. "మా పిల్లోల్లూ అంతే. పరీక్ష దినమే కొత్త పెన్ను తీస్తారు, అది రాయదు," అన్నాడు. "అయినా మాటంటే మాట." నేరుగా మూడో స్థానం ఆయన దగ్గరికి పోయి ఉద్యోగం సంగతి అడిగాడు.

ఆయన బెంగళూరులో సాఫ్ట్‌వేర్. సెలవని సరదాగా వచ్చాడట, జీతమెంతో విని మర్యాదగా దండం పెట్టాడు. రెండో ఆయన బ్యాంకు మేనేజరు. మొదటి ఆమె డాక్టరు. గుండు లావు, బరువు, గురి అన్నీ లెక్కేసుకుని ముగ్గురూ గెలిచారు గానీ, ఆ ఉద్యోగం అవసరమైనవాళ్ళు వాళ్ళల్లో ఒక్కరూ లేరు.

కరస్పాండెంట్ తిరిగొచ్చి చేతి గడియారం చూసుకుంటూ, "సోమవారం రాగలవా అమ్మా?" అన్నాడు.

బస్టాండు నుంచే అమ్మకు ఫోన్ చేశాను. నాలుగో స్థానమని, ఉద్యోగమొచ్చిందని ఒకే గుక్కలో చెప్పాను.

"నాలుగోదానికి గూడా ఇస్తారా మే?"

"మొదటి ముగ్గురూ వద్దంటే ఇస్తారమ్మా," అన్నాను.